బుబ్బ

జూన్ 10, సోమవారం

ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. డెబ్బై నాలుగేళ్ళు డైరీ లేకుండానే గడిచాయి, ఇప్పుడు రాసి ఎవర్ని ఉద్ధరించాలి? కానీ మా అమ్మాయి పొద్దున నా చేతిలో ఒక నోట్‌బుక్ పెట్టింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం తనది. ఏడాది పైన సెలవు పెట్టి ఈరోజే మళ్ళీ డ్యూటీలో చేరింది. ఇవాళ్టి నుంచి పాపకి నేనే దిక్కు. నోట్‌బుక్‌లో స్కేలు పెట్టి గడులు గీసింది: టైము, పాలు, నిద్ర, డైపరు, చివర్లో ఇతరం. ఇతరం గడి బొటనవేలంత ఉంది. నా ఇతరం అందులో పట్టదు. అందుకని పుస్తకం తిరగేసి వెనక నుంచి మొదలుపెట్టాను.

మనవరాలికి పద్నాలుగు నెలలు. నడక వచ్చింది, బ్రేకులు రాలేదు. నేను బెల్లు అని పిలుస్తాను. అదే పేరు ఖాయమైపోతుంది నాన్నా అని వాళ్ళమ్మ గోల. నలభై ఏళ్ళు సైకిల్ షాపు నడిపినవాడికి ఇంకేం పేర్లు తోస్తాయి? నా చదువు కూడా స్పేర్ పార్టులు చుట్టి వచ్చిన పేపర్లలోనే అయింది. వార్త సగం ఒక బేరింగుకి, మిగతా సగం ఇంకో బేరింగుకి చుట్టి ఉండేవి. రెండోది ఎప్పుడూ వేరే షాపుకి పోయేది. ఒక దొంగ గోడ దూకాడు. కింద పడ్డాడో, దొరికాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మాయి ఫ్రిజ్ మీద రెండు కాగితాలు అంటించింది. ద్రాక్షపండు నిలువునా నాలుగు ముక్కలు చెయ్యాలి. చేతిలో వేడి టీ ఉండగా పాపని ఎత్తుకోకూడదు. అలా పదిహేడు రూల్స్. పద్దెనిమిదోది నేను రాశాను: బకెట్లో నీళ్ళు ఉంచకూడదు, బోర్లించాలి.

సాయంత్రం చూసి, ఎందుకూ అని అడిగింది. దోమలు అన్నాను.

జూన్ 11, మంగళవారం

పిల్లలున్న ఇంట్లో ఎక్కడ ఏం ప్రమాదం ఉందో నిలబడి చూస్తే తెలియదు. మోకాళ్ళ మీద పాకాలి. ఈరోజు బెల్లూ నేనూ ఇల్లంతా పాకాం. సోఫా కింద ఒక మాత్ర, అల్లుడు ఆర్నెల్లుగా వెతుకుతున్న పెన్‌డ్రైవ్, చొక్కా గుండీ అంత బ్యాటరీ దొరికాయి. ఆ బ్యాటరీ వెంటనే జేబులో వేసుకున్నాను.

టేబుల్ నాలుగు మూలలకీ పాత సైకిల్ ట్యూబు కోసి తొడిగాను. అల్లుడు చూసి, ఇంక మా ఇంటికి గాలి కొట్టించడమే మిగిలింది మామయ్యగారూ అన్నాడు. నేనూ నవ్వాను. లేచేటప్పుడు మోకాళ్ళు నవ్వలేదు.

జూన్ 13, గురువారం

బాత్రూంలో బకెట్ నిండా నీళ్ళు. పొద్దున నేనే బోర్లించాను.

జూన్ 14, శుక్రవారం

బకెట్ ఇవాళా నిండుగా ఉంది. ఎవరు నింపారని అల్లుణ్ణి అడిగాను. ఎనిమిదికల్లా ఇద్దరం వెళ్ళిపోతాం కదా మామయ్యగారూ అన్నాడు. కుళాయి కారుతోందేమో చూస్తానన్నాడు. బోర్లించిన బకెట్లోకి కుళాయి ఎలా కారుతుందని నేను అడగలేదు.

అమ్మాయికి వేరే బెంగ. తను ఇంట్లో ఉన్నంతసేపూ బెల్లు బువ్వ బువ్వ అంటోందిట, గిన్నె తెస్తే మూతి తిప్పుకుంటోందిట. ఈ మాట ఎవరు నేర్పారో, మనం అన్నం అనేగా అంటాం అంది. మాట సంగతి దాటేసి సలహా చెప్పాను. వెంటపడి తినిపించకు. వద్దంటే గిన్నె తీసెయ్యి. గంట ఆగి మళ్ళీ పెట్టు. మంచి సలహాయే. నేను చెబుతుండగానే బెల్లు బాత్రూం తలుపు పట్టుకుని నిలబడి మళ్ళీ అంది.

బువ్వ కాదు. బుబ్బ.



జూన్ 15, శనివారం

ఇక రాయక తప్పదు.

మా షాపు ఇంటి ముందు గదిలోనే ఉండేది. తొమ్మిదింటికి తలుపులు తీయగానే మొదటి పని తొట్టి నింపడం. పంక్చరు ఎక్కడుందో నీళ్ళే చెబుతాయి. ట్యూబుకి గాలి కొట్టి ముంచితే చిల్లు దగ్గర బుడగలు లేస్తాయి. మా మొదటివాడికి అప్పుడు పదహారు నెలలు. బుడగలు లేస్తే చప్పట్లు కొట్టేవాడు. బుబ్బ అనేవాడు. బుడగకి వాడు పెట్టుకున్న పేరు. అది నా ఒక్కడికే తెలుసు. మా ఆవిడకి బువ్వ అనే వినపడేది.

ఆ రోజు వాడు బుబ్బ, బుబ్బ అంటూ నా లుంగీ పట్టుకుని లాగాడు. ఒక స్కూలు మాస్టారు సైకిల్ దింపి నిలబడ్డాడు. ఆయనకి నేను గోడ దూకిన దొంగ కథ చెబుతున్నాను. లోపల్నుంచి మా ఆవిడ, పిల్లాడికి ఆకలేమో అని కేకేసింది. ఆ, కలుపు అన్నాను. వాడు అడుగుతున్నది అన్నం కాదని నాకు తెలుసు. ఎలాగూ కలుపుకుని వస్తుంది, ఎత్తుకుంటుందిలే అనుకున్నాను. ఆమె కలుపుతోంది. నేను చెబుతున్నాను. తొట్టిలో నీళ్ళు జానెడు.

నీళ్ళలో పడ్డ పిల్లలు అరుస్తారని జనం అనుకుంటారు. అరవరు. పిల్లల చప్పుడు ఆగితే చేతిలో ఏ పనున్నా వదిలేసి చూడాలి. ఫ్రిజ్ మీద పంతొమ్మిదో రూలుగా ఇదే రాయాల్సింది. నేను తిరిగి చూసేసరికి బుడగలు కూడా లేవు.

మూడేళ్ళ తర్వాత అమ్మాయి పుట్టింది. నీ అన్న జ్వరంతో పోయాడని చెప్పాం. మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. బువ్వ అన్న మాట మాత్రం మళ్ళీ ఎప్పుడూ నోట్లోంచి రానివ్వలేదు. అమ్మాయికి గోరుముద్దల వయసులో కూడా అన్నం తిందువు రా అనే అనేది. నాలుగేళ్ళ కిందట తనూ పోయింది.

మరి ఆ మాట బెల్లుకి ఎవరు నేర్పారు?

జూన్ 17, సోమవారం, 8.20

ఇద్దరూ వెళ్ళారు. బకెట్ బోర్లించాను. అడుగున చాక్‌పీసుతో ఇంటూ గుర్తు పెట్టాను, పంక్చరుకి పెట్టినట్టు.

జూన్ 17, 10.05

బకెట్ నిండుగా ఉంది. చొక్కా చేతులు మోచేతుల దాకా తడి. నావే.

నోట్‌బుక్ ముందువైపు తిప్పి అమ్మాయి గడులు చూశాను. పాలు, నిద్ర, డైపరు, అన్నీ నింపాను. ఇతరం గడిలో గురువారం, శుక్రవారం, ఈరోజు, మూడుచోట్లా అదే వాక్యం, నా చేతిరాతే, చీమల బారులా: 9.10 తొట్టి నింపాను. ట్యూబు ముంచాను. వాడు పక్కనే నిలబడి చూశాడు.

ఈ ఇంట్లో తొట్టి లేదు. వాడూ లేడు.

టేబుల్ ఒక మూలకి రబ్బరు లేదు. అది బకెట్లో ఉంది. బెల్లు నా పక్కన నిలబడి తడి చేతులతో చప్పట్లు కొడుతోంది.

జూన్ 17, 10.30

అమ్మాయికి ఫోన్ చేసి రమ్మన్నాను. నలభై నిమిషాలు పడుతుందంది. పక్క ఫ్లాట్ టైలరమ్మని పిలిచి కూర్చోబెట్టాను. పాపని నేను చూస్తా బాబాయ్, మీరు పడుకోండి అంది. పాపతో పాటు నన్ను కూడా చూస్తూ ఉండమ్మా అన్నాను.

జూన్ 18, మంగళవారం

నిన్న రెండూ చెప్పేశాను. బకెట్ సంగతీ, జ్వరం సంగతీ. పిట్టకథ లేకుండా నేను ఒక విషయం చెప్పడం అదే మొదలు.

అమ్మాయి ఏడవలేదు. నీళ్ళు ఎంత లోతు అని అడిగింది. జానెడు అన్నాను. తన చెయ్యి జానగా చాపి చూసుకుంది. తొట్టి అని రాయడం చూశానని, పాపతో ఏదో ఆటేమో అనుకున్నానని అంది. లేచి బాత్రూంలోకి వెళ్ళింది. బకెట్ బోర్లించిన చప్పుడు వినపడింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, అన్న నవ్వితే ఎలా ఉండేవాడు అని అడిగింది. నాకు గుర్తు లేదు. గుర్తు లేదనే చెప్పాను.

పాప కోసం ఈ వారం అల్లుడు సెలవు పెట్టాడు, సోమవారం నుంచి పగలు పిల్లల్ని చూసుకునే క్రెష్. నాకు గురువారం మతిమరుపు డాక్టరు. రెండు ఫారాలూ తనే నింపింది. నన్ను ఎక్కడైనా హోంలో పడెయ్యి అన్నాను. నోర్మూసుకుని తిను నాన్నా అని గిన్నె నా ముందు పెట్టింది. తినలేకపోయాను. వెంటపడలేదు. తీసేసి, గంట ఆగి మళ్ళీ పెట్టింది.

జూన్ 25, మంగళవారం

సాయంత్రం అందరం హాల్లోనే ఉన్నాం. చేతులు కడుక్కోడానికి వెళ్ళాను. బకెట్ బోర్లించే ఉంది. దాని మీద బెల్లు అన్నం గిన్నె, అదీ బోర్లించి ఉంది. ఎత్తి చూశాను. కింద తడి. చొక్కా చేతులు చూసుకున్నాను, పొడిగానే ఉన్నాయి. మళ్ళీ అలాగే బోర్లించి వచ్చాను.