నా పేరుతో హాసిని మాట్లాడిన శనివారాలు

ఆగస్టు 28, 2021, శనివారం

పదింటికి యూరప్ మీటింగ్. అన్ని దేశాల నుంచీ మామూలు మనుషుల్ని లాటరీ తీసి, రెండు వారాలకో శనివారం ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టి, యూరప్ ఎలా నడవాలో చెప్పమంటారట. ఎవరికో తగలాల్సిన లాటరీ నాకు తగిలింది! మా గ్రూపుకి ఇచ్చిన విషయం — జనాన్ని ఓటు దాకా, చర్చ దాకా తీసుకురావడం ఎలా.

ఏ భాషలోనైనా మాట్లాడొచ్చు, అనువాదకులున్నారు అంది నడిపిస్తున్నావిడ. భాష కాదు నా బాధ. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులో వాదిస్తాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అదీ బాధ. "ఫ్రావ్ వేముల, మీరేమంటారు?" — ఫ్రావ్ అంటే శ్రీమతి — అని నన్ను అడగ్గానే మైకు ఆపేశాను. పక్కనే సోఫాలో హాసిని. "మమ్మా, ఇష్ మాఖ్ దాస్" — నేను చేస్తాలే అంటూ లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. కెమెరా పాడైందని చెప్పింది. నా గొంతు పెట్టి, చక్కటి జర్మన్‌లో, మూడు నిమిషాలు.

ఎవరికీ అనుమానం రాలేదు. హాయిగా అనిపించింది... అలా అనిపించినందుకు సిగ్గు.

ఆగస్టు 29

ఇది మాకు అలవాటే. డాక్టర్ టెర్మిన్ (అపాయింట్‌మెంట్), ఇంటి ఓనరు, కరెంటు వాళ్ళు — పదేళ్ళ వయసు నుంచీ ఫోన్‌లో ఫ్రావ్ వేముల అంటే హాసినే. జర్మనీలో, మా కార్ల్స్‌రూహెలో మనవాళ్ళ పిల్లలందరూ చేసే పనే. పుట్టిన తేదీ అడిగితే నాది టకటకా చెప్పేస్తుంది. దంతవైద్యుడి టెర్మిన్ వేరు, ఇది వేరు అని తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

సెప్టెంబర్ 5

మా ఆయన రమేష్‌కి ఒకటే నవ్వు. "ఇంతకీ మీ ఇద్దరిలో సిటిజన్ ఎవరు? పోరికి పదిహేనేండ్లు, ఓటే లేదు. నీకేమో ఓటుంది, మాట లేదు. నాకు రెండూ లేవు, నేనే నయం." ఆయన ఇండియా పాస్‌పోర్టు వదులుకోలేదు. నేను వదిలేసి జర్మనీది తీసుకున్నాను. కోపంగా లేచి గిన్నెలు తోమాను. తోమాల్సినవి రెండే ఉన్నాయి.

సెప్టెంబర్ 11, శనివారం

రెండో మీటింగ్. ఈసారి నేనే మాట్లాడాలనుకున్నాను. తొమ్మిదింటికే చీర కూడా కట్టాను, కెమెరా పెడదామని. తీరా పదయ్యేసరికి — "హాసినీ, ఈ ఒక్కసారికి."

టీ తెద్దామని వంటింట్లోకి వెళ్ళి వస్తున్నాను. గుమ్మంలో ఉండగా వినపడింది. నా గొంతుతో, నేను అంటూ చెబుతోంది: "పౌరసత్వం పరీక్షలో నేను అన్ని జవాబులూ సరిగ్గా రాశాను. పార్లమెంటు, కోర్టు, రాజ్యాంగం — అన్నీ. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఓటు వేయలేదు."

టీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపలికి వెళ్ళనూ లేను, వెనక్కి పోనూ లేను. స్క్రీన్ మీద పోర్చుగల్ నుంచి జోర్జె, బస్సు నడుపుతాడట, గొంతు సవరించుకుని, ఇలా ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి ఫ్రావ్ వేముల, అన్నాడు.

ధైర్యమట!

అదే రోజు, భోజనాలయ్యాక

అడిగాను. "నేను ఓటు వేయలేదని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి మమ్మా? మార్చిలో స్టేట్ ఎలక్షన్ సండే నాడు నేనే అడిగా కదా. స్కూల్లో ఎవరెవరి పేరెంట్స్ వెళ్తున్నారో చెప్పాలని. మనకెందుకమ్మా అన్నావు. దోశలు పోశావు."

"అందరి ముందూ అనాలా?"

"కెమెరా లేదు కదా. నీ గురించే కదా అడిగింది వాళ్ళు. నేనేం అబద్ధం చెప్పలా."



సెప్టెంబర్ 13

ఆఫీసు పని సాగడం లేదు. అదే తిరుగుతోంది బుర్రలో.

హైదరాబాద్‌లో మాత్రం వేశానా? పోలింగ్ రోజంటే సెలవు. టీమంతా బండ్లేసుకుని అనంతగిరి కొండలకు. మిర్చి బజ్జీలు తిని, పొద్దుగూకాక ఇంటికి. వేలికి సిరా ఉన్న వాచ్‌మన్ గేటు తీశాడు, చూసి నవ్వుకున్నాం కూడా. ఇక్కడ పాస్‌పోర్టు ఎందుకు తీసుకున్నట్టు? ఏర్‌పోర్టులో చిన్న క్యూ కోసం. కరోనాలో సరిహద్దులు మూస్తుంటే, అబ్బ, తీసుకుని మంచి పని చేశాం అనుకున్నాను. అంతే. దానితో పాటు ఇంకేమైనా చేతికిచ్చారేమో అని ఒక్కరోజు చూసుకోలేదు.

సెప్టెంబర్ 16

మెయిల్ వచ్చింది. గ్రూపు సూచన తయారైంది — కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్ళతో, మొదటి ఎన్నికకు ముందు, ఇరుగుపొరుగు ఓటర్లు ఒక సాయంత్రం కూర్చోవాలి. నమూనా బ్యాలెట్ చేతికివ్వాలి, పిచ్చి ప్రశ్నలైనా అడగనివ్వాలి. ఆలోచన హాసినిది, మీటింగ్‌లో నా పేరుతో చెప్పిందే. ఎన్నికల మూలంగా తర్వాతి మీటింగ్ అక్టోబర్ తొమ్మిదికి మార్చారట, ఆ రోజు అందరి ముందూ దాన్ని వివరించాల్సింది ఫ్రావ్ వేముల అట. కెమెరాతో.

హాసిని చేతులెత్తేసింది. "దాస్ ముస్ట్ డూ మాఖెన్. నువ్వే చేయాలి. ఇరవై ఆరున పార్లమెంటు ఎలక్షన్‌లో ఓటు కూడా వేస్తావు కదా? ఈసారి వేస్తావు కదా మమ్మా?"

వేస్తానన్నాను. మొహం వెలిగిపోయింది దానికి. ఏ పార్టీ ఏమంటుందో చెబుతాను, కూర్చుందాం రా, అంది. నేనే చూసుకుంటాలే అన్నాను.

సెప్టెంబర్ 24, శుక్రవారం

చూసుకోలేదు. ఇవాళ వెబ్‌సైట్ తెరిచాను, ప్రశ్నలకు అవును కాదు అంటే మనకు దగ్గరి పార్టీ ఏదో చెబుతుందట. మూడో ప్రశ్నకే ఆగిపోయాను. పింఛన్ల సంగతి. సగం అర్థం కాలేదు, అర్థమైన సగం మీద నాకో అభిప్రాయం లేదు. పక్క గదిలోనే హాసిని. ఒక్క పిలుపు చాలు.

పిలవలేదు. ఇది కూడా కూతురి దగ్గర నేర్చుకోవాలా... మూసేశాను.

సెప్టెంబర్ 26, ఆదివారం

హాసిని నాతో వచ్చింది, వాళ్ళ పాత స్కూలు జిమ్‌లోనే పోలింగ్. మాస్కులు, తెరిచిన కిటికీలు, ఎవరి పెన్ను వాళ్ళే తెచ్చుకోమన్నారు. తన పెన్ను ఇచ్చింది. "ఆల్లెస్ గూటె మమ్మా" అని, అంతా మంచి జరగాలని చెప్పి బయట ఆగింది.

అట్టపెట్టె చాటున కాగితం విప్పాను. ఎంత పొడుగు! ఎడమ వైపు మనుషులు, కుడి వైపు పార్టీలు. ఓటరుకి రెండు ఓట్లు, ఒకటి మనిషికి ఒకటి పార్టీకి, అని పరీక్షలో సరిగ్గా టిక్ పెట్టింది నేనే. ఏ పేరూ నాకేమీ చెప్పడం లేదు. ఏదో ఒకటి గీసేద్దామా అనుకున్నాను. ఎవరికో తెలియకుండా గీయడం ఇంకా తప్పనిపించింది. వెనక ఎవరో దగ్గారు.

ఖాళీగా మడిచాను. పెట్టెలో వేశాను.

బయట వాటేసుకుంది. "యెట్స్ట్ బిస్ట్ డూ రిష్టిగ్!" ఇప్పుడు నువ్వు నిజంగా పౌరురాలివి అని. మాస్కు ఉండటం మంచిదైంది, నా మొహం కనపడలేదు.

సెప్టెంబర్ 28

గ్రూపు చాట్‌లో నా పేరుతో హాసినే పెట్టేసింది, మొదటి ఓటు వేశాను అని. జోర్జె పూలు, చప్పట్లు పంపాడు. రమేష్ స్వీట్లు తెచ్చాడు. "నా తరఫున గూడ ఏశినవా?" అని అడిగాడు, నవ్వుతూనే. కానీ నా మొహంలోకి చూస్తూ అడిగాడు. పన్ను ఈయన కూడా కడుతున్నాడు, పన్నెండేళ్ళుగా. వేశానన్నాను. 

అక్టోబర్ 9, శనివారం

కెమెరా పెట్టాను. ఇంగ్లీషులో మాట్లాడాను, నా నోటితో. హాసిని కెమెరాకి అందకుండా కుర్చీ పక్కనే నేల మీద కూర్చుంది. అనుకున్నదంతా చెప్పాను. పరీక్ష, అన్నీ సరైన జవాబులు, వేయని ఓట్లు. అంతవరకూ బాగానే ఉంది.

నడిపిస్తున్నావిడ అడిగింది — "మొన్న మొదటిసారి వేశారట కదా. ఎలా ఉంది లోపల?"

హాసిని తలెత్తి నన్నే చూస్తోంది. కళ్ళల్లో అంత గర్వం.

"ఏమీ కష్టం లేదు. చాలా సులువు" అన్నాను.

చప్పట్ల బొమ్మలు వచ్చాయి. అవి తగ్గాక పోలండ్ ఆవిడ, రిటైరైన టీచరట, చేయెత్తింది. నెమ్మదిగా, మర్యాదగా అడిగింది. "అంత సులువైతే, మనం అడుగుతున్న ఆ సాయంత్రం ఎందుకు? కొత్తవాళ్ళకు ఎవరూ సాయం చేయకపోయినా సరిపోయింది కదా?"

మైకు ఆపేశాను. సూచన ఉంచాలా తీసేయాలా సోమవారం గ్రూపు ఓటు వేస్తుందట. ఆ లోపు ఫ్రావ్ వేముల గ్రూపు చాట్‌లో ఏమైనా రాసి పంపాలనుకుంటే పంపొచ్చు అన్నారు.

లాప్‌టాప్ మూశాను. హాసిని లేవలేదు. "ఎందుకలా అన్నావు మమ్మా? ఆ బ్యాలెట్ కాగితం బొమ్మ స్కూల్లో చూపిస్తే నాకే తల తిరిగింది. నీకెలా సులువైంది?"

పొయ్యి మీద పప్పుందని లేచి వచ్చేశాను.

అక్టోబర్ 10, ఆదివారం

పొద్దుట నుంచీ రాసి కొట్టేస్తున్నాను. ఖాళీ కాగితం వేశానని రాస్తే వాళ్ళకి వేరే రుజువు అక్కర్లేదు, సూచన నిలబడుతుంది. కానీ గ్రూపు చాట్ హాసిని ఫోన్‌లోనే ఉంది. పంపిన నిమిషానికి చదువుతుంది.

తలుపు కొట్టింది ఇందాక. "నేను రాసిపెట్టనా మమ్మా? నువ్వు ఏం జరిగిందో చెప్పు చాలు."

చెబుతా ఉండు అన్నాను. ఇంకా తలుపు దగ్గరే ఉంది.