రవి కత్తిరించిన మల్లె

ఆదివారం, చిక్కడపల్లి

విడాకులు వచ్చాక రవి ఇవాళే మొదటిసారి ఇంటికి వచ్చాడు, మిగిలిన తన బట్టల కోసం. సంచి సర్దుకుని వెళ్తూ, బాల్కనీలో మల్లె కుండీ చూసి ఆగాడు. ఏటా చలికాలంలో ఆ కొమ్మలు కత్తిరించేది తనే.

"ఇంకా కొయ్యలేదా? ఇప్పుడు కొయ్యకపోతే ఎండకాలం పూలు రావు."

"నాకు రాదు గదా," అన్నాను.

కత్తెర తెచ్చి ఇచ్చాను. అతను కింద కూర్చుని ఒక్కో కొమ్మా కత్తిరిస్తుంటే, చెత్తబుట్ట పట్టుకుని పక్కన నిలబడ్డాను. చివరికి నాలుగు పుల్లలు మిగిలాయి.

"చిగుర్లు వచ్చినంక జర ఎరువెయ్యి," అని చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు.

టీ తాగుతావా అని అడగలేదు. మొన్న ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినతన్ని కూడా అడిగాను. రవిని ఎందుకు అడగలేదో...