అయస్కాంతానికి అంటుకోనివి

అమ్మా,

నేను కులాసానే, కార్డు చూసి కంగారుపడకు. నాన్న రక్తపరీక్షలో ఏమీ లేదని రాశావు. ఇంకోచోట మళ్ళీ చేయించు. చిరాకుపడతాడు, పడనీ.

ఎందుకంటే, సోమవారం మా ల్యాబు మేడమ్ ఒక రోగి రక్తం నా చేతికిచ్చి, "నీకిస్తే నాకు దిగులుండదమ్మా" అన్నారు. అందులోంచి రోగంతో పోరాడే కణాలను వేరుచేయాలి. కంటికి ఆనని ఇనుప పూసలు కలిపి, గొట్టాన్ని అయస్కాంతం పక్కన పెడతాం. రెండేళ్ళుగా కావలసిన కణాలే పూసలతోపాటు గొట్టం గోడకు అంటుకునేవి, మిగిలిన నీళ్ళు పారబోసేదాన్ని. ఈసారివి కొత్తరకం పూసలు. అక్కర్లేనివి గోడకు అంటుకుంటాయి, కావలసినవి నీళ్ళలో ఉంటాయి. పొద్దున పెట్టె మీద చదివాను కూడా. అయినా అలవాటైన చెయ్యి ఆ నీళ్ళను మందు కలిపిన బకెట్లోకి వంచేసింది. అందులో పడ్డ కణం బతకదు. మర్నాడే ఆయనకు చికిత్స మొదలైంది, అంతకుముందటి రక్తం ఇక దొరకదు. గొట్టంలో మిగిలిన పనికిరానివాటికే చీటీ అంటించి ఇచ్చేశాను. మేడమ్ "శభాష్" అన్నారు. మూడు రోజులైంది, ఆవిడకింకా నిజం చెప్పలేదు.

నాన్న రక్తం చూసిందీ నాలాంటి చెయ్యే కదమ్మా.

చెల్లి కళ్ళజోడు మార్పించారా? నా నీలం స్వెట్టరు దానికిచ్చెయ్యి. ఈ కార్డు పోస్టుమాన్ చదువుతాడని తెలుసు. అతనికంటే ముందు మేడమ్‌కు తెలియాలి. దీన్ని డబ్బాలో వేసి నేరుగా ఆవిడ గదికే వెళ్తున్నాను. నీ చెయ్యి నా తలమీద ఉందనుకుంటాను.

నీ పెద్దది