జిగురు రోలర్ల దగ్గర నిలబడి నేర్పే మనిషి కోసం

జిల్లా కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఊరి ప్లైవుడ్ మిల్లులో ప్రమాదం రాకుండా నడుచుకొనే తీరు నేర్పుటకు తగిన శిక్షణ సంస్థను ఈ శుక్రవారంలోగా ఖాయం చేయించు విషయమై.

మధ్య జావా, కాలిదురెన్ గ్రామ వాస్తవ్యురాలు, కీర్తిశేషులు తుకిరన్ భార్య, డెబ్బై నాలుగేళ్ల సుగియెం విన్నవించుకొనునది. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మిల్లు పనివాడు ముల్యాది రాస్తున్నాడు. ఘాటు తగ్గించకుండా రాయమన్నాను.

1. నా భర్త ముప్పయ్యొక్క ఏళ్లు ఆ మిల్లులో, చెక్క పొరలకు జిగురు పూసే రోలర్ల దగ్గర పనిచేశాడు. రోలర్లు ఆపి తుడవాలని గోడ మీద రాసి ఉన్నది. ఆయన అవి తిరుగుతుండగానే తుడిచేవాడు. తుడిచే గుడ్డ జారిపోకుండా మణికట్టుకు చుట్టుకొనేవాడు. పదకొండు నెలల క్రితం గుడ్డను రోలర్లు లాక్కున్నవి, గుడ్డతో చేతిని లాక్కున్నవి. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

2. "కార్మికుని అజాగ్రత్త" అని మిల్లువారు కాగితం రాసుకున్నారు. ఆయన తప్పు లేదని నేననను. కానీ ఆయన ఒక్కడిదే అంటే ఒప్పుకోను. ఆయన పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకు మిల్లువాళ్లంతా వచ్చి మా చాపల మీద కూర్చున్నారు. అందరూ అన్నం తిన్నారు. ఇద్దరు పిల్లల తండ్రి ఈ ముల్యాది మాత్రం ముట్టలేదు.

"ఏరా, నా వంట నీకు సయించడం లేదా?" అన్నాను.

"బాబాయ్ గుడ్డ చుట్టుకోవడం నేను చూశానవ్వా. రోజూ చూసేవాణ్ణి."

"చూసి?"

"నాకు పని నేర్పిన పెద్దాయన. ఆయనకు నేనేం చెప్పను? నోరు రాలేదు."

"నోరు రాక ఏం చేశావు మరి?"

"అటు తిరిగి నిలబడేవాణ్ణి."

పెద్దవాడి తప్పు కంటపడితే అటు తిరిగి నిలబడడం మాలో మర్యాద. అయ్యా, ఆ మర్యాదే నా భర్తను రోలర్లలోకి తోసింది. ఈ వాక్యం రాయడానికి ముల్యాదికి చేయి ఆడలేదు. కూర్చోబెట్టి రాయించాను.

3. శిక్షణ ఇప్పించమని ఆదేశిస్తూ తమ కార్యాలయం వారు మిల్లుకు మూడు సంస్థల పేర్లు పంపియున్నారు. ముల్యాది మోటార్ సైకిల్ వెనక కూర్చొని మూడింటికీ వెళ్లి వచ్చాను. మొదటివాళ్లది ఏసీ పెట్టిన చల్లగది. రెండు గంటలు తెర మీద బొమ్మలు, తరువాత భోజనం డబ్బా, తిన్నవాళ్లందరికీ సర్టిఫికెట్. రెండోవాళ్లు టోపీలు, బూట్లు చూపించారు. "మా ఆయన కాళ్లకు బూట్లుండేవి నాయనా, చేతిని ఆపేవాడే లేకపోయాడు" అని చెప్పి వచ్చాను. మూడోది టైర్ల కొట్టు పైన ఒక గది. రెత్నానింగ్సిహ్ అనే ఆవిడ, తనూ ఒకప్పుడు ఇలాంటి మిల్లులోనే పనిచేసిన మనిషి. మాకు టీ పోసి, ముల్యాదిని ఒకే ఒక్క మాట అడిగింది: "మీ దగ్గర ఎవరికి చెప్పాలంటే నోరు రాదు?" వీడు అక్కడే ఏడ్చాడు.

ఆవిడ ఆరు రోజులు యంత్రాల దగ్గరే నిలబడి ఎవరి చేతులు ఎటు పోతున్నాయో చూస్తుందట. తరువాత యంత్రాలు ఆపించి, చిన్నవాడు "ఆపు బాబాయ్" అనడం, పెద్దవాడు కోపం తెచ్చుకోకుండా ఆపడం, నోరు తిరిగేదాకా సాధన చేయిస్తుందట.

4. యంత్రాలు ఆపనక్కరలేదు గనుక మిల్లువారు చల్లగదివాళ్లను ఎంచుకున్నారు. శుక్రవారం సంతకాలు. తమరు ఒక్క కాగితం పంపితే అది ఆగి, ఈ మూడో ఆవిడకు ఖాయమవుతుంది.

5. షిఫ్టు మారే వేళ నేను గేటు దగ్గర నిలబడి "గుడ్డలు చుట్టుకోకండర్రా" అని అరుస్తున్నానని నా మీద ఫిర్యాదు ఉన్నదట. నిజమే. "ముసలమ్మా, నీకు ఇంట్లో పని లేదా?" అంటాడు గేటు కాపలావాడు. లేదు. పొద్దున లేచి రెండు గ్లాసుల్లో కాఫీ పోసి, ఒకటి తాగి, రెండోది పారబోస్తాను. అంతే నా పని. ఆవిడను నియమించిన నాటి నుండి గేటు దగ్గర కనబడనని ఇందుమూలముగా మాట ఇస్తున్నాను.

కావున ఈ ముసలిదాని మొర చిత్తగించి, శుక్రవారం పొద్దెక్కకముందే ఉత్తర్వు దయచేయించవలెను.

తమ విధేయురాలు,
సుగియెం
(వేలిముద్ర)

మరొక్క మాట. గుడ్డ సంగతి నాకూ తెలుసు. ఆయన మణికట్టు చుట్టూ జిగురు చార కట్టేది. రోజూ నేనే కొబ్బరినూనె రాసి వదిలించేదాన్ని. ఊరందరినీ అడిగే నోరు నాది. ఈ చార ఎలా వచ్చిందని ఆయన్ని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. యంత్రం పని నీకేం తెలుసంటాడని ఊరుకున్నాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ముల్యాది కలం ఆపి నా వైపు చూశాడు.

"తిట్టరా," అన్నాను.

"పెద్దదానివి, నిన్నేమంటానవ్వా," అని అటు తిరిగి కూర్చున్నాడు.

చూశారా అయ్యా. ఆవిడను తొందరగా పంపించండి.