ఏడవ షరతు నుంచి ఒక్క బల్బును మినహాయించమని

ఇంధన పొదుపు కార్యాలయపు అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ముందుగదిలో తొమ్మిది వాట్ల బల్బు ఒకటి, రోజుకు రెండున్నర గంటలపాటు వెలిగించుకొనుటకు అనుమతి కోరుట – అనుమతి లేనిచో మా గోడకు కొట్టిన "ఆదర్శ గృహం" బోర్డును తీసుకుపొమ్మని ప్రార్థించుట – ఏది జరిగినా వీధి చివరి ఇనుప స్తంభాలను కదిలించవద్దని వేడుకొనుట – గురించి.

సూచిక: తమరు నాచేత సంతకం చేయించుకున్న హామీపత్రము, షరతులు ఒకటి నుంచి ఎనిమిది వరకు.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, నేను కాటాలు, తక్కెడలు బాగుచేయువాడను. వీధిలో నన్ను కాటాల మామయ్య అంటారు. పాతికేళ్ళుగా తూకపురాళ్ళ పెట్టెను సైకిలు క్యారియరుకు కట్టుకొని కొట్టు కొట్టుకూ తిరుగుచున్నాను. ఇంట్లో నేను, ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే నా భార్య, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, డెబ్బై ఒక్క ఏళ్ళ మా అమ్మ ఉంటాము. తూకంలో ఆవగింజంత తేడా వచ్చినా నాకు అన్నం సహించదు. ఈ అర్జీ అందుకే ఇంత పొడుగైనది, మన్నించగలరు.

1. ఎనిమిది నెలల క్రితం తమ పోటీలో మా వీధి మొత్తానికి మా ఇంటి కరెంటు వాడకమే తక్కువని తేలినది. నేనూ నా భార్యా పనికి సైకిళ్ళ మీదే పోతామన్నది కూడా తమరు లెక్కలోకి తీసుకున్నారు. తమరే స్వయంగా వచ్చి బోర్డు కొట్టించి, అందుకు బహుమానంగా వీధికి రెండు చివర్లా లారీలు దూరకుండా ఇనుప స్తంభాలు పాతించారు. అంతవరకు సిమెంటు గోడౌను లారీలన్నీ మా వీధినే అడ్డదారిగా వాడుకునేవి. పిల్లలు బడికి సైకిలు తొక్కాలంటే గోడలు రాసుకుంటూ పోవలసి వచ్చేది. ఇప్పుడు నడివీధిలో గంట కొట్టుకుంటూ పోతున్నారు. ఇందుకు తమకు మేమందరం రుణపడి ఉన్నాము. ఈ మాట మాత్రం అర్జీ మర్యాద కోసం రాసినది కాదు.

2. అయితే షరతుల్లో ఏడవది ఇట్లున్నది: "ఆదర్శ గృహపు వాడకము ప్రతి నెలా ముందు నెల కంటే తగ్గవలెను." ఎనిమిదవది: "అట్లు తగ్గనిచో బోర్డు, స్తంభాలు తొలగించబడును." ఇవి చదవకుండా సంతకం ఎందుకు పెట్టావని తమరు అడగవచ్చును. బోర్డు కొట్టిన నాటి సాయంత్రం తమ గుమాస్తా కాగితం తెచ్చేసరికి ఏడు దాటింది. ఆదర్శంగా ఉండాలి కదా అని లైటు వేయలేదు. ఆయన వేలు పెట్టి చూపిన చోట సంతకం చేశాను.

3. అప్పటికి మా రీడింగు అరవై రెండు యూనిట్లు. మరుసటి నెల నలభై ఎనిమిది. ఆపైన ముప్పై తొమ్మిది. ఆ నెలలోనే ఫ్రిజ్‌ను మా వదినగారింటికి కాపురానికి పంపినాము. అక్కడ అది సుఖంగా ఉన్నట్లు తెలియుచున్నది. ఇస్త్రీ మానుకొని బట్టలు పరుపు కింద పెట్టుకుంటున్నాము. సాయంత్రం ఆరుకే వంట, భోజనాలు ముగించి చీకట్లో కూర్చుంటున్నాము. పోయిన నెల రీడింగు పదిహేడు. ఈ లెక్కన ఇంకొంత కాలానికి సున్నా వచ్చును. ఆ తరువాతి నెల కూడా తగ్గవలెను గనుక, అప్పుడు మేమే తమ శాఖకు కరెంటు పంపవలసి ఉంటుందా, పంపితే ఏ దారిన పంపవలెనో తెలుపగలరు.

మా వంటింటి కిటికీలో రవ్వంత వెలుతురు కనబడితే చాలు, ఎదురింటి దర్జీ అరుగు మీద నుంచే కేకేస్తాడు. "అన్నయ్యా, మీ లైటు వెలుగుతోంది, చూసుకోండి!" అతనిని తప్పు పట్టను. అతని ఇద్దరు పిల్లలూ ఆ వీధిలోనే సైకిలు తొక్కుతారు.

4. ఇక ఒక నేరం ఒప్పుకొనవలసి ఉన్నది. ఆ పదిహేడు నిజమైన పదిహేడు కాదు. మా అమ్మాయి ఆ దర్జీ ఇంట్లో అతని లైటు కిందే చదువుకొనుచున్నది. నా భార్య ఫోను ఆసుపత్రిలో ఛార్జి అవుచున్నది. నా ఫోను, నేను కాటా బాగుచేసేలోపు ఆ కొట్టువాడి ప్లగ్గులో నిండుచున్నది. అయ్యా, ఊళ్ళోవాళ్ళ కాటా పళ్ళేల అడుగున దొంగ తూకానికి అంటించిన మైనాన్ని పాతికేళ్ళుగా గోటితో గీకి తీసినవాడిని. "ఇదేం పనయ్యా, సిగ్గులేదూ?" అని కొట్టువాళ్ళను మొహం మీదే అడిగినవాడిని. నా మీటరు అడుగున మైనం నేనే అంటించుకున్నాను. తమ రికార్డులో ఈ సంగతి రాసుకొనగలరు.

5. మా అమ్మ గురించి. ఈమె ముప్పై ఏళ్ళు బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసినది. అక్కడి హోరుకు చెవులు కాస్త మందగించాయని మాకు చెప్పేది. మేమూ కాస్త అనే అనుకున్నాము. మాటకు మాట అప్పజెప్పే మనిషికి చెవుడంటే ఎవరు నమ్ముతారు? నా భార్యకూ ఆమెకూ ఇన్నేళ్ళలో జరిగిన వాదనల్లో ఆమె ఒక్కటీ ఓడిపోలేదు.

బోర్డు వచ్చినప్పటి నుంచి ఈమె సాయంత్రాలు నోరు విప్పడం తగ్గించినది. పిలిస్తే పలకదు. భుజం తట్టి అడిగితే, అడిగినదొకటి, చెప్పేదొకటి. "అన్నం తిన్నావా అమ్మా?" అంటే "తలుపు వేశానురా" అనేది. రానురాను అదీ లేదు, గోడకు ఆనుకొని ఊరకే కూర్చునేది. పగలు మేం ముగ్గురం ఇంట్లో ఉండము. పొద్దున్నే ఉరుకులు పరుగులు. ఆదివారాలు మాత్రం బాగానే మాట్లాడేది. అందువల్ల ఇదేదో వారానికోసారి తగ్గే జబ్బు అనుకున్నాము.

ఒక మధ్యాహ్నం డాక్టరుకు చూపించాము. ఆయన గదిలో నాలుగు ట్యూబులైట్లు. అమ్మ ఆయనతో అరగంట కబుర్లాడి, ఆయనకు పెళ్ళి సంబంధం ఒకటి చెప్పి, ఆయన నవ్వితే తానూ నవ్వినది. డాక్టరు మా వైపు తిరిగి, "ఈవిడకి ఏమీ లేదండీ. ఇంట్లో మీరెవరూ ఆవిడతో మాట్లాడరా?" అని అడిగాడు. నా భార్య దారంతా ఏడుస్తూ సైకిలు తొక్కినది. "నన్నేదో గయ్యాళి కోడలిలా చూశాడండీ ఆయన" అన్నది.

6. పోయిన నెల ఐదవ తేదీ సాయంత్రం ఏడుంబావుకు నేను పని నుంచి ఆలస్యంగా వచ్చి, సైకిలును ముందుగదిలోకి తోస్తున్నాను. మా గడప ఎత్తు. ఒక్క తోపు గట్టిగా తోయాలి. ఆ తోపుకు వెనకచక్రం గిర్రున తిరిగి, డైనమో రాసుకుని, ముందు లైటు భగ్గున వెలిగి నా భార్య మొహం మీద పడినది. ఆ క్షణంలో ఆమె, దర్జీ ఇంటికి చదువుకు బయల్దేరుతున్న మా అమ్మాయితో, మా అమ్మ పక్కనే నిలబడి, మామూలు గొంతుతో ఇలా అంటున్నది: "మీ నానమ్మకి మతి తప్పుతోందే."

లైటు ఆరిపోయినది. చీకట్లోంచి మా అమ్మ గొంతు వచ్చింది.

"మతి బాగానే ఉందమ్మాయ్. మీ మొహాలే కనపడ్డం లేదు."

అయ్యా, అప్పుడు తెలిసినది. ఈమెకు తొమ్మిదేళ్ళుగా ఒక్క ముక్క వినబడదు. మగ్గాల హోరులో ఆ మిల్లు ఆడవాళ్ళంతా ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకునేవారట. ఈ మూల మగ్గం నుంచి ఆ మూల మగ్గానికి కబుర్లట. ఆ విద్యతోనే తొమ్మిదేళ్ళు మాతో నెట్టుకొచ్చినది. "మరి చెప్పొచ్చు కదమ్మా, లైటు వేసేవాళ్ళం కదా!" అని నేను అరిచాను. అరిచి ఏం లాభం, చీకటి. అగ్గిపుల్ల గీసి, నా మొహం దగ్గర పెట్టుకొని మళ్ళీ అడిగాను.

"నీ పేరు బోర్డు మీద రాశారు కదరా. పిల్లలు కూడా సైకిళ్ళు తొక్కుకుంటున్నారు. నా ఒక్కదాని కోసం ఎందుకులే అనుకున్నా" అన్నది.

పుల్ల నా వేళ్ళదాకా కాలినది. ఏడు నెలలు, అయ్యా! కన్నతల్లిని కూర్చోబెట్టి ఏడు నెలలు ఆమె ముందు మేం మాట్లాడుకున్నాం, నవ్వుకున్నాం. ఆమె మాత్రం నల్లటి గోడను చూస్తూ కూర్చుంది. అర్జీల్లో ఇటువంటివి రాయరాదని తెలుసు. ఇంకెక్కడ రాయను?

7. ఏడవ షరతు భంగం కాకుండా మేము చేసుకున్న తాత్కాలిక ఏర్పాటు: సైకిలును ముందుగదిలో స్టాండు వేసి, ఒకరు ఎక్కి తొక్కవలెను. మాట్లాడదలచినవారు లైటుకు ఎదురుగా స్టూలు మీద కూర్చొనవలెను. అమ్మ పక్కన కూర్చుని చూస్తుంది. మీటరు తిరగదు. అయితే ఇందులో కొన్ని ఇబ్బందులు కలవు. తొక్కేవాడు ఆగితే మాట ఆగిపోవును. మధ్యలో తొక్కేవాడికి ఏదైనా చెప్పాలనిపిస్తే దిగి, స్టూలు దగ్గరికి పోయి, ఇంకొకరిని ఎక్కించవలెను. అప్పటికి చెప్పేది మరచిపోవును. నా భార్య మాట్లాడేటప్పుడు నేను తొక్కుచున్నాను. ఒక సాయంత్రం టైరు మీద సుద్దగీత పెట్టి లెక్కించగా, ఆమె తన లాండ్రీ సూపర్వైజరు సంగతి చెప్పి ముగించేసరికి ఇంట్లోనే తొమ్మిది కిలోమీటర్లు ప్రయాణించినట్లు తేలినది. నేను మాట్లాడేటప్పుడు ఆమె తొక్కుచున్నది. ఎందుచేతనో త్వరగా అలసిపోవుచున్నది.

8. ఈ నెల మూడవ తేదీన మేమిద్దరం రావడం ఆలస్యమైనది. మా అమ్మాయి బడిలో పరుగుపందెంలో గెలిచి, చీకటి పడ్డాక వచ్చినది. ఆ సంగతి నానమ్మకు వెంటనే చెప్పాలని దాని ఆరాటం. తొక్కేవారు లేరు. అప్పుడు మా అమ్మ, "నువ్వు కూర్చో, నేను తొక్కుతా" అని చీర ఎగదోపి సైకిలెక్కినది. నాలుగు తొక్కులు తొక్కినది. "నానమ్మా, నేను ఫస్టు" అన్నంతవరకు చూసినదట. ఆ తరువాత కాలు జారి సైకిలుతో సహా పడినది. మడమ బెణికి, పట్టీ కట్టించుకొని మంచం మీద ఉన్నది. "ఇంకాస్త ఆగి జారి ఉంటే, రెండోది ఎవరో కూడా తెలిసేది" అని విచారించుచున్నది.

9. చివరిగా, మనవి చేయవలెనా వద్దా అని తటపటాయించిన విషయం. బోర్డు ఇచ్చిన రోజు ఉదయం, ఎండలో, వేదిక మీద తమరు గుమాస్తాగారి చెవిలో ఏదో అన్నారు. మొదటి వరుసలో కూర్చున్న మా అమ్మ అది చదివినది. "ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదయ్యా, ఇచ్చేసేయ్. ఏడో షరతు నేనూ చదవలేదు, ఎవడు చూస్తాడు?" అన్నారట. అప్పుడు చెబితే నా మొహం చిన్నబోతుందని ఇన్నాళ్ళు దాచి, మొన్న మంచం మీద నుంచి చెప్పినది. దీనిని ఫిర్యాదుగా భావించవద్దు. ఎవరూ చదవని షరతును సవరించుటకు ఎవరికీ అభ్యంతరం ఉండదన్న ఆశతోనే మనవి చేయుచున్నాను.

కావున తమరు దయతలచి, (క) పైన చెప్పిన బల్బుకు ఏడవ షరతు నుంచి మినహాయింపు ఇప్పించవలెను. లెక్క వేసి చూశాను, నెలకు ముప్పాతిక యూనిట్టు దాటదు. (ఖ) అది వీలుకాకపోతే బోర్డు తీసేయించవలెను. మేకులు నేనే ఊడదీసి ఇవ్వగలను. (గ) స్తంభాల జోలికి మాత్రం పోవద్దు. తప్పుడు తూకం నాది, వీధి పిల్లలది కాదు.

ఉన్నదున్నట్టు తూచి తమ ముందు పెట్టితిని. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కాటాలు బాగుచేయువాడు,
ఆదర్శ గృహం (ప్రస్తుతానికి)

తా.క. పై అర్జీని అమ్మకు చదివి వినిపించవలసి వచ్చినది. వినిపించాలంటే ఆమె నా మొహం చూడాలి. అందుచేత ఈ రోజు సాయంత్రం ఏడు గంటలకు, తమ అనుమతి లేకుండా, ముందుగదిలో లైటు వేశాను. అంతా చూసి, "నా కాలు సంగతి ఎందుకురా, ఆయనేం చేస్తాడు? ఆ తొమ్మిదోది కూడా కొట్టేయ్, పాపం ఆయన మీదా ఇంకెవరో ఉంటారు" అన్నది. కొట్టేయలేదు.

ఐదు నిమిషాలు కాకముందే దర్జీ గుమ్మంలోకి వచ్చాడు. "అన్నయ్యా, లైటు..." అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే అమ్మ మంచం మీద నుంచి అన్నది: "వెలగనీ నాయనా. లోపలికొచ్చి కూర్చో. నీ మాట చూసి ఎన్నాళ్ళయిందో." అతనికి సంగతంతా చెప్పాము. తొమ్మిదింటిదాకా కూర్చుని, తన పిల్లలనూ పిలిపించి, ఒక్కొక్కరినీ బల్బు కింద నిలబెట్టి అమ్మతో మాట్లాడించి వెళ్ళాడు. అర్జీ మీద సాక్షి సంతకం కూడా చేశాడు. చదివే చేశాడు.

లైటు ఇంకా ఆర్పలేదు. పరుగుపందెంలో రెండోది ఎవరో మా అమ్మాయి చెబుతోంది. ఈ నెల రీడింగు పదిహేడు దాటుతుంది. తమరు బోర్డు తీయించడానికి వచ్చేట్లయితే సాయంత్రం ఏడు తరువాత రండి, అందరం ఇంట్లోనే ఉంటాము. చెప్పదలచినది అమ్మకు ఎదురుగా, బల్బు కింద నిలబడి చెప్పండి. మెల్లగా చెప్పినా చాలు.