బొండాం అందించిన చెయ్యి

ఏమండీ,

ఈ రోజు మన పాప బడికి వెళ్లాను. తుఫాను నాటి పేపరు ఫొటోలు గోడకు అంటించి, ఒక్కోదాంట్లో ఏం కనిపిస్తోందో పిల్లల చేత చెప్పిస్తున్నారు టీచరుగారు. తోటివాళ్లు ఎక్కిరిస్తారని పాప తన వంకర చిటికెనవేలు ఎప్పటిలాగే గుప్పిట్లో దాచుకుని కూర్చుంది.

వాటిలో నా ఫొటో కూడా ఉంది. కూలిన కొబ్బరిచెట్ల ముందు కొంగుతో మొహం కప్పుకున్నాను. పక్కనుంచి ఒక చెయ్యి బొండాం అందిస్తోంది. మిగతా మనిషిని కత్తిరించేశారు. కింద ‘కన్నీటిలో ఇల్లాలు’ అని వేశారు.

“ఆవిడ ఏడుత్తందండి. ఆ చెయ్యి సాయానికొచ్చినోళ్లదండి,” అన్నారు పిల్లలు.

పాప నా వంక చూసింది. నలుగురిలో నోరెత్తని దాన్ని, లేచాను.

“ఏడవట్లేదండి. కెమెరా చూసి సిగ్గేసిందండి. ‘పెళ్లిలోనూ ఇంతే, ఫొటో అంటే దాక్కున్నావు. ముందిది తాగు’ అని నవ్వించేరండి. ఆ చెయ్యి మావారిదండి.”

“ఆయ్, అలాగాండీ,” అన్నారు టీచరుగారు మెల్లగా.

మన పెళ్లి ఫొటో ఆ గాలివానకే పోయింది. ఆ నెలలోనే జ్వరంతో మీరూ పోయారు. అప్పటికి పాప నా కడుపులో ఉంది. నాన్న ఎలా ఉండేవారని అడిగినప్పుడల్లా నాకు చెప్పడం చేతకాలేదు.

బడి వదిలాక పాప ఆ ఫొటో దగ్గరే నిలబడిపోయింది. బొండాం పట్టుకున్న మీ చిటికెనవేలి పక్కన తన వేలు ఆనించి చూసుకుంది.

“నాన్నదీ ఇంతేనా అమ్మా?”

“ఇంతేనే.”

ఇంటికొచ్చేదాకా గుప్పిట ముయ్యలేదండీ.