కర్ర కొసన మేకు

బాబాయ్,

నువ్వు పోయాక మొదటిసారి, నిన్న మనూళ్లో ఎడ్ల బండలాగుడు పందెం పెట్టారు. పందేనికి ముందు తోలేవాళ్ల కర్రలన్నీ అడిగి తీసుకుని, కొసన మేకు ఉందేమోనని అరచేత్తో తడిమి చూసేవాడివి. ఉంటే ఎంతటివాడి జతనైనా వెనక్కి పంపేవాడివి.

నిన్న మనూరి జతలో ఒక ఎద్దు బండ లాగలేక మోకాళ్ల మీద కూలబడింది. తొడల మీద నెత్తురు కారుతోంది. కమిటీ పెద్ద మైకులో, "ఎండదెబ్బలే, గోల చెయ్యమాకండి" అన్నాడు. పైగా ఆ ఎద్దు మెడలో దండ వేయించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నిలదీద్దామని లేచి, మళ్లీ కూర్చున్నాను.

ఈ ఏడాది కర్రలు తడిమే పని నాదే, బాబాయ్. మేకు నా అరచేతికి గుచ్చుకుంది. మనూరి జతే కదా అని కర్ర తిరిగి ఇచ్చేశాను.